ఇంటి గొడవలకు ఆన్‌లైన్ థెరపీ: మొదటి ఫోన్ నుంచి చివరి సెషన్ దాకా

భార్యాభర్తల గొడవ ముదిరితే మన ఇళ్లలో ముందు జరిగేది పంచాయితీ. అటు నుంచి ఇద్దరు, ఇటు నుంచి ఇద్దరు పెద్దమనుషులు కూర్చుంటారు. తప్పెవరిదో తేలుస్తారు, ఒకరి చేత సారీ చెప్పిస్తారు, భోజనాలు చేసి వెళ్తారు. నెల తిరక్కుండానే అదే గొడవ మళ్లీ మొదలవుతుంది. థెరపీకి వెళ్లేవాళ్లలో చాలామంది కూడా ఇదే ఆశతో వెళ్తారు: మన వైపు విని, ఎదుటివాళ్లకు నాలుగు చివాట్లు పెడతారని. థెరపిస్టు ఆ పని చేయరు. మీ ఇంట్లో గొడవ ఎక్కడ మొదలై, ఎలా పెరిగి, ఎక్కడ తేలుతోందో మీకే కనబడేలా చేసి, అందులో మీ చేతిలో ఉన్న భాగాన్ని మార్చుకోవడానికి సాయం చేస్తారు. కాబట్టి ఇంటిల్లిపాదీ ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు. ఒక్కరు మొదలుపెట్టినా కొంత పని జరుగుతుంది.

1. ముందు ఇది ఆన్‌లైన్‌లో తేలే విషయమేనా?

చెయ్యి చేసుకోవడం, బెదిరించడం, ఫోన్ లాక్కోవడం, బయటికి వెళ్లనివ్వకపోవడం ఉన్న ఇంట్లో ఇద్దరూ కలిసి కూర్చునే కపుల్ థెరపీ వద్దు. సెషన్‌లో ధైర్యం చేసి అన్న మాటకు ఆ రాత్రి ఇంట్లో దెబ్బలు పడే ప్రమాదం ఉంది. అక్కడ ముందు కావలసింది భద్రత. మహిళా హెల్ప్‌లైన్ 181, వెంటనే ప్రమాదం ఉంటే 112. తెలంగాణలో సఖి కేంద్రాలు, ఆంధ్రప్రదేశ్‌లో వన్ స్టాప్ సెంటర్లు కౌన్సెలింగ్, వైద్యం, న్యాయసాయం, తాత్కాలిక ఆశ్రయం ఒకేచోట చూస్తాయి. 2005 గృహహింస చట్టం లెక్కలో కొట్టడం ఒక్కటే హింస కాదు. మాటలతో కుళ్లబొడవడం, ఇంటి ఖర్చులకు డబ్బివ్వకుండా ఏడిపించడం కూడా హింసే. ‘ఆయన కొట్టడు కదా’ అని సర్దిచెప్పుకునేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

చచ్చిపోతే బాగుండునని తరచూ అనిపిస్తుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి. ఇంట్లో ఎవరైనా అలాంటి మాట అంటే ‘ఊరికే బెదిరిస్తోంది’ అని కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలకండి. పల్లెలో అయితే పురుగుమందు డబ్బా, పట్నంలో అయితే మాత్రల స్ట్రిప్పులు అందకుండా తీసేయండి. ప్రయత్నం చేస్తే నేరుగా దగ్గరి ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలంటుంది కాబట్టి, కేసు భయంతో వైద్యం ఆలస్యం చేయొద్దు.

గొడవకు మూలం తాగుడైతే దానికి విడిగా వైద్యం కావాలి. రోజూ బాగా తాగే మనిషి చేత ఒట్టు వేయించి ఒక్కసారిగా మాన్పించడం ప్రమాదం, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చూస్తుండగానే మాన్పించాలి. వ్యసనాల హెల్ప్‌లైన్ 14446. లేనిపోని అనుమానాలు, ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడటం, రోజుల తరబడి నిద్రలేకుండా విపరీతమైన హుషారు, వీటికి సైకియాట్రిస్టును నేరుగా కలవడమే మంచిది. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కోండి.

ఇవేవీ కాకుండా రోజూ మాటా మాటా పెరగడం, అత్తాకోడళ్ల మధ్య నలగడం, పిల్లలతో పోరు, దిగులు, టెన్షన్, నిద్ర పట్టకపోవడం అయితే ఆన్‌లైన్‌లో మొదలుపెట్టొచ్చు.

2. మీ గొడవను ఒక పేజీలో రాయండి

‘మా ఆయన మంచివాడు కాదు’ అని రాస్తే థెరపిస్టుకు ఉపయోగపడదు. కిందటిసారి జరిగిన ఒక్క గొడవను, కెమెరా పెట్టి తీసినట్టు రాయండి.

మియాపూర్‌లో ఉండే ఒక జంట అనుకుందాం. ఆదివారం మధ్యాహ్నం భర్త ఫోన్‌లో యూపీఐ మెసేజ్ మెరిసింది: తమ్ముడికి ఇరవై వేలు వెళ్లాయి. భార్య చూసింది. ‘మళ్లీ పంపారా? నాకో మాట చెప్పాలనిపించలేదా?’ అంది. అతను ‘ఇప్పుడెందుకులే’ అని ఫోన్ జేబులో పెట్టుకుని బాల్కనీలోకి వెళ్లాడు. ఆమె వెనకే వెళ్లి గొంతు పెంచింది: ‘మీకు ఎప్పుడూ మీవాళ్లే ముఖ్యం.’ గుంటూరు నుంచి వచ్చి ఉన్న అత్తగారు వంటింట్లో స్టీలు డబ్బా మూత టప్పుమని వేసింది. అతను చెప్పులేసుకుని కిందికి దిగిపోయాడు. రాత్రి తల్లి కొడుకుతో మెల్లగా అంది: ‘నా వల్లే కదరా ఇదంతా, నేను రేపు బస్సెక్కేస్తాలే.’

ఇందులో థెరపిస్టుకు కనబడేది ఇరవై వేలు మాత్రమే కాదు. ఆమె ఎంత వెంటపడితే అతను అంత తప్పుకుంటున్నాడు, అతను ఎంత తప్పుకుంటే ఆమె అంత వెంటపడుతోంది. సూ జాన్సన్ అనే సైకాలజిస్టు అభివృద్ధి చేసిన ఎమోషనల్లీ ఫోకస్డ్ థెరపీలో మొదటి పని ఈ సుడిని ఇద్దరికీ చూపించడమే. ఇంకోటి, ఇద్దరి మధ్య తేలాల్సిన విషయంలోకి మూడో మనిషి వచ్చి చేరింది. కుటుంబ థెరపీకి పునాదులు వేసినవాళ్లలో ఒకరైన మర్రే బోవెన్ దీన్ని త్రికోణం అన్నాడు. ఇద్దరి మధ్య టెన్షన్ భరించలేనంతైతే మూడో మనిషిని లోపలికి లాక్కుంటారు, కాసేపు తేలికవుతుంది, అసలు విషయం అలాగే ఉండిపోతుంది. మన ఇళ్లలో ఆ మూడో మనిషి అత్తగారే కానక్కర్లేదు. ఆడపడుచు కావచ్చు, పదేళ్ల కూతురు కావచ్చు. ‘మీ నాన్నకు చెప్పు, అన్నం తింటాడో లేదో’ అని పిల్ల చేత కబురు పంపడం కూడా ఇదే.

పేజీ చివర మీ ఒంటి సంగతి కూడా రాయండి. నిద్ర, ఆకలి, గుండెదడ, తలనొప్పి, కారణం లేకుండా ఏడుపు. డిప్రెషన్ లక్షణాలు ఎంతున్నాయో చూసే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది. గత రెండు వారాలు ఎలా ఉన్నారో అడుగుతుంది, మొత్తం 27 మార్కులకు. 10 లేదా అంతకు మించి వస్తే డాక్టరుకు గానీ సైకాలజిస్టుకు గానీ చూపించుకోవాలి. అది మీకు జబ్బుందని తేల్చే పరీక్ష కాదు. అయితే తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా తప్ప ఏ జవాబు వచ్చినా మొదటి సెషన్‌లోనే చెప్పండి.

3. ఎవరి దగ్గరికి వెళ్లాలి?

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాసేది వీరే. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం వీడియోలో చూసి ప్రిస్క్రిప్షన్ ఇవ్వొచ్చు, దాని మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. కొన్ని రకాల మందులు మాత్రం ఆన్‌లైన్‌లో రాయకూడదు. ‘ఎందుకు రాయరు’ అని గొడవపడితే లాభం లేదు.

క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, థెరపీ చేస్తారు. వీరికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన శిక్షణ, ఆ కౌన్సిల్ రిజిస్టరులో నమోదైనందుకు ఇచ్చే ఒక సీఆర్ఆర్ నంబరు ఉంటాయి. ఆ నంబరు అడగడం అమర్యాద కాదు. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు.

చిక్కంతా కౌన్సెలర్, థెరపిస్టు, లైఫ్ కోచ్ అనే పేర్లతోనే. సైకాలజీలో పీజీ చేసి, సీనియర్ల పర్యవేక్షణలో ఏళ్లు పనిచేసిన మంచి కౌన్సెలర్లు ఉన్నారు. వారాంతపు కోర్సు సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టినవాళ్లూ ఉన్నారు. అందుకే ఫీజు కట్టకముందే ఇలా ఒక మెసేజ్ పెట్టండి:

‘నమస్కారం మేడమ్. నా వయసు 34, పెళ్లయి ఏడేళ్లు. డబ్బు విషయంలో, అత్తగారి విషయంలో ఇంట్లో తరచూ గొడవలు. మూడు నెలలుగా నిద్ర సరిగా లేదు. తెలుగులో మాట్లాడే సెషన్ కావాలి. మీరు ఏం చదివారు, రిజిస్ట్రేషన్ నంబరు ఉందా, కుటుంబ సమస్యలు చూస్తారా, ఫీజు ఎంత, సెషన్ తప్పిపోతే డబ్బు పోతుందా చెప్పగలరు. దయచేసి మెసేజ్ మాత్రమే పెట్టండి, ఫోన్ చేయొద్దు.’

వీటికి సూటిగా జవాబు రాకపోతే ఇంకొకరిని చూసుకోండి. ‘మూడు సెషన్లలో మీ భర్తను మార్చేస్తాం’ అనేవాళ్లనీ, ముందే ఇరవై సెషన్ల ప్యాకేజీ కట్టమనేవాళ్లనీ, జాతకం అడిగేవాళ్లనీ వదిలేయండి.

తెలుగు గురించి ఒక మాట. ఆఫీసులో ఇంగ్లిష్ దంచేసేవాళ్లకు కూడా కోపం, ఏడుపు వచ్చేది ఇంటి మాటలోనే. ‘నన్ను పూచికపుల్లలా తీసేశారు’ అన్నదాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పే శ్రమలో సగం బాధ ఆవిరైపోతుంది. మీ యాస అర్థమయ్యేవాళ్లు దొరికితే ఫీజు వంద ఎక్కువైనా నా ఓటు వాళ్లకే. తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లు మాత్రం వద్దు. విదేశాల్లోని తెలుగువాళ్ల ఊళ్లలో ఇది మరీ ముఖ్యం, సంక్రాంతి పార్టీలో ఆ థెరపిస్టే ఎదురైతే ఇద్దరికీ ఇబ్బంది.

4. డబ్బు సంగతి

మొదటి మెట్టుగా ఉచితంగా దొరికేది టెలీ-మానస్. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టింది. నంబరు 14416, లేదా 1800-89-14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఇరవై భాషల్లో ఉంది, తెలుగు ఎంచుకోవచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే సైకియాట్రిస్టుకో సైకాలజిస్టుకో కలుపుతారు. అయితే వారం వారం ఒకే మనిషితో సాగే థెరపీకి ఇది బదులు కాదు. ఇవాళ మనసు పగిలిపోతోంది, ఎవరితోనైనా మాట్లాడాలి, ఎక్కడికి వెళ్లాలో తెలియాలి అన్నప్పుడు బాగా పనికొస్తుంది.

ప్రైవేటులో ఫీజు మనిషిని బట్టి వందల నుంచి వేలలో ఉంటుంది. రెండు నెలలకు ఎంతవుతుందో ముందే లెక్కేసుకోండి. సగంలో ఆపేయడం కంటే రెండు వారాలకోసారి పెట్టుకోవడం నయం. ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లు ‘ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్’ ఉందేమో చూడండి. ఉద్యోగికీ ఇంట్లోవాళ్లకూ కొన్ని సెషన్లు ఉచితంగా ఇస్తాయి. మీ పేరు హెచ్‌ఆర్‌కు వెళ్తుందా అని ముందు రాతపూర్వకంగా అడగండి. ఆరోగ్య బీమా మానసిక జబ్బును మిగతా జబ్బులతో సమానంగా చూడాలని 2017 చట్టంలో ఉంది. కానీ ఆసుపత్రిలో చేరకుండా తీసుకునే థెరపీ ఫీజు ఓపీడీ కవర్ ఉన్న పాలసీల్లోనే సాధారణంగా వస్తుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక చిక్కుంది. అక్కడ థెరపిస్టుకు లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. మీరు ఆ సమయానికి ఏ రాష్ట్రంలో కూర్చుని ఉన్నారో అక్కడ వారికి అనుమతి ఉండాలి. హైదరాబాద్ థెరపిస్టుతో మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు, కానీ అర్ధరాత్రి ఏదైనా జరిగితే ఆవిడ అక్కడి నుంచి ఏమీ చేయలేరు. ఆత్మహత్య ఆలోచనలు, మానసిక సంక్షోభం వచ్చినప్పుడు అమెరికాలో పిలవాల్సిన నంబరు 988 అని ఫ్రిజ్ మీద అంటించుకోండి. తెనాలిలో అమ్మానాన్న, డల్లాస్‌లో కొడుకూ కోడలూ కలిసి మాట్లాడాలంటే అక్కడి రాత్రి ఎనిమిదిన్నర ఇక్కడ వేసవిలో ఉదయం ఏడు, చలికాలంలో ఎనిమిది. పెద్దవాళ్లకు కాఫీ అయ్యాక పెట్టుకోవచ్చు.

5. మాట్లాడటానికి చోటు

ఆన్‌లైన్ థెరపీలో అసలు కష్టం నెట్ సిగ్నల్ అనుకుంటారు. కాదు, గోడలు. రెండు బెడ్‌రూముల ఇంట్లో అత్తగారు హాల్లో సీరియల్ చూస్తుంటే కోడలు తలుపేసుకుని అత్తగారి గురించి ఎలా మాట్లాడుతుంది?

ఆగి ఉన్న కారు మంచి చోటు, సెల్లార్‌లో సిగ్నల్ ఉంటుందో లేదో ముందురోజే చూసుకోవాలి. నడుపుతూ మాత్రం వద్దు. డాబా మీద నీళ్ల ట్యాంకు పక్క నీడ, ఆఫీసులో ఖాళీ మీటింగ్ రూమ్, స్నేహితురాలి ఇల్లు, ఇవన్నీ పనికొస్తాయి. ఇంట్లోనే అయితే అందరూ బయటికెళ్లే సమయం చూసుకోండి. గది తలుపు బయట ఫ్యాన్ గానీ టీవీ గానీ నడుస్తుంటే మాట బయటికి పోదు. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి: మీ మాట ఎవరైనా విన్నా ఎదుటివారి మాట వినబడదు. ఎవరైనా లోపలికొస్తే అనడానికి థెరపిస్టుతో ముందే ఒక మాట అనుకోండి. ‘ఆ రిపోర్ట్ రేపు పంపిస్తా’ అనగానే ఆవిడ మాట మార్చేయాలి. గొంతెత్తలేని ఇంట్లో ఉన్నవాళ్లకు చాట్‌లో సెషన్ చేసేవాళ్లూ ఉన్నారు. ముఖం కనబడదు కాబట్టి నెమ్మదిగా సాగుతుంది, అయినా ఏమీ లేకపోవడం కంటే మేలు.

ఫోన్ కూడా సర్దుకోవాలి. ఇంటి లాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి ఉందా? క్యాలెండర్ ఇద్దరికీ కనబడుతుందా? ఫీజు కట్టిన యూపీఐ మెసేజ్‌లో క్లినిక్ పేరు పడితే ఎవరు చూస్తారు?

యాప్‌ల విషయంలో ఇంకాస్త జాగ్రత్త. అమెరికాలో బెటర్‌హెల్ప్ అనే పెద్ద థెరపీ సంస్థ వాడకందారుల సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటివాటికి ఇచ్చిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. 2023లో ఆ కేసు 78 లక్షల డాలర్ల చెల్లింపుతో పరిష్కారమైంది. సైన్‌అప్‌లో అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబివ్వాలని లేదు. కాంటాక్టులకు, ఫొటోలకు అనుమతి అడిగితే ఇవ్వకండి.

థెరపిస్టు వైపు నుంచి గోప్యత మీ హక్కు, 2017 చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. దానికి హద్దులున్నాయి. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటే చెప్పాల్సి రావచ్చు. పిల్లల మీద లైంగిక దాడి సంగతి బయటపడితే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి. మీ చిరునామా, అత్యవసరంలో పిలవాల్సిన మనిషి నంబరు అడిగేది కూడా అందుకే. తప్పుడు నంబరు ఇవ్వకండి.

6. మొదటి సెషన్

నలభై అయిదు నిమిషాల నుంచి గంట. ఎక్కువ భాగం వాళ్లడిగే ప్రశ్నలతోనే గడుస్తుంది: ఇంట్లో ఎవరెవరుంటారు, పెళ్లెలా జరిగింది, గతంలో వైద్యం తీసుకున్నారా, తాగుడు, మందులు, చావు ఆలోచనలు. రాసుకున్న పేజీ ముందు పెట్టుకుని చదివినా ఫర్వాలేదు. ఏడుపొస్తే ఏడవండి, వాళ్లకది కొత్త కాదు.

‘తప్పు నాదా ఆయనదా చెప్పండి’ అని అడగాలనిపిస్తుంది. దాని బదులు ‘గొడవ మొదలైన మొదటి అయిదు నిమిషాల్లో నేను చేసేదాంట్లో ఏది మార్చొచ్చు?’ అని అడిగి చూడండి. చివర్లో రెండు విషయాలు తేల్చుకోండి: ఎన్నాళ్లకు ఏం మారాలనుకుంటున్నాం, ఎన్నో సెషన్‌లో ఆగి చూసుకుందాం.

7. మిగతావాళ్లను ఎలా పిలవాలి?

‘నీకు ట్రీట్‌మెంట్ కావాలి, రా’ అంటే ఎవరూ రారు. గొడవ మధ్యలో పిలవొద్దు. మంచిగా ఉన్న రోజు చూసి, ‘నాకు ఈ మధ్య నిద్ర పట్టడం లేదండీ. ఒకావిడతో మాట్లాడుతున్నాను. మన సంగతి నా ఒక్కదాని నోటి నుంచి వింటే ఆవిడకు సగమే తెలుస్తుంది. ఒక్కసారి మీరూ మాట్లాడతారా? నచ్చకపోతే మళ్లీ అడగను’ అనండి. ఆ ఆఖరి మాట నిలబెట్టుకోవాలి.

ఇప్పటిదాకా మీ ఒక్కరినే చూసిన థెరపిస్టు ఇద్దరినీ కలిపి చూడటానికి ఒప్పుకోకపోవచ్చు. భర్తకు ‘ఆవిడ నీ మనిషి’ అనిపిస్తుందని. అప్పుడు జంట కోసం వేరొకరిని అడగండి. విడివిడిగా చెప్పిన రహస్యాలను ఆవిడ దాస్తారా, కలిసి ఉన్నప్పుడు బయటపెడతారా అన్నది ముందే తెలుసుకోండి. ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి.

కలిసి కూర్చునేటప్పుడు లాప్‌టాప్‌ను కాస్త దూరంగా, ఇద్దరి ముఖాలూ చేతులూ కనబడేలా పెట్టండి. ఒక్క ఫోన్ ఇద్దరూ పట్టుకుంటే ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే మాటవుతుంది. దంపతుల మీద దశాబ్దాలు పరిశోధన చేసిన జాన్ గాట్‌మన్ బంధాన్ని తినేసేవి నాలుగంటాడు: మనిషినే తప్పుపట్టే విమర్శ, చులకన, తనను తాను సమర్థించుకోవడం, గోడలా బిగుసుకుపోవడం. అన్నిటికంటే చెడ్డది చులకన. కళ్లు తిప్పడం, ‘అబ్బో చెప్పొచ్చావులే’ అనడం. ఒంట్లో దడ పుట్టేంత కోపం వచ్చాక ఎవరి మాటా ఎవరికీ ఎక్కదు, కనీసం ఇరవై నిమిషాలు ఆగమంటాడు. మియాపూర్ ఆయన కిందికి దిగిపోయింది కూడా ఒక రకంగా ఇదే. కాకపోతే ‘ఎనిమిదింటికి వచ్చి మాట్లాడతా’ అని చెప్పి దిగి, ఎనిమిదింటికి రావాలి.

అత్తగారిని మొదటి సెషన్లకే పిలవడం నాకు నచ్చదు. భార్యాభర్తలు డబ్బు విషయంలో ఒక మాట మీదికి వచ్చాక ఆవిడతో మాట్లాడటం సులువు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకైతే తల్లిదండ్రుల అనుమతి కావాలి. అనుమతిచ్చి, సెషన్ అవగానే ‘ఏం చెప్పావ్?’ అని ఆరా తీస్తే వచ్చే వారం ఆ పిల్లాడు నోరు విప్పడు.

8. మధ్యలో, చివర్లో

సెషన్ల మధ్య చేయమన్న చిన్న పనిని చేయకుండా మాట్లాడటానికే వెళ్తుంటే నెలలు గడిచినా ఉన్నచోటే ఉంటారు. మియాపూర్ జంటకు ఆ పని ‘ఇంట్లోవాళ్లకు అయిదు వేలు దాటి పంపాలంటే ముందు చెప్పుకోవాలి’ అన్నంత చిన్నదే కావచ్చు. ఆమె వైపు నుంచి, అడిగేటప్పుడు ‘ఎప్పుడూ’, ‘మీవాళ్లు’ అన్నవి వాడకపోవడం.

ఫలితాన్ని గొడవల లెక్కతో కొలవకండి. మాటలు లేకుండా ఉండే రోజులు తగ్గాయా, పిల్లల చేత కబుర్లు పంపడం ఆగిందా, నిద్ర పడుతోందా, ఇవి చూడండి. అయిదారు సెషన్లయినా ఏ కదలికా లేకపోతే ఆ మాట థెరపిస్టుతోనే అనండి. మంచివాళ్లు నొచ్చుకోరు, దారి మారుస్తారు, లేదా ఇంకొకరి పేరు చెబుతారు. మీ ఫొటోలకు లైకులు కొట్టడం, సొంత కష్టాలు ఏకరువు పెట్టడం, ‘విడాకులు తీసుకో’ అనో ‘సర్దుకుపో’ అనో ఆజ్ఞ వేయడం చేస్తే మాత్రం ఆగొద్దు, మారిపోండి.

కుదుటపడ్డాక ఒక్కసారిగా మానకుండా రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి చేసుకుంటూ రండి. మందులు వాడుతుంటే వాటిని ఆపేది డాక్టరే. చివరి సెషన్‌లో ఏం పని జరిగింది, ఏ మందు ఎంత మోతాదులో వాడారు అన్న ఒక పేజీ సమ్మరీ అడిగి తీసుకోండి, ప్రిస్క్రిప్షన్లతో పాటు పాస్‌వర్డ్ ఉన్న ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఎప్పుడైనా వేరే ఊళ్లో వేరే థెరపిస్టు దగ్గరికి వెళ్లాల్సి వస్తే మొత్తం కథ మొదటి నుంచి చెప్పుకునే పని తప్పుతుంది.